ఒడ్డున దుప్పటితో మామ్మ

మొన్న ఆదివారం భావనపాడు ఒడ్డున మా సంఘంలో ఏడుగురు బాప్తిస్మం తీసుకున్నారు. మొదటి అమ్మాయి సముద్రంలోంచి లేచి, కళ్లు తుడుచుకుంటూ, గజగజ వణుకుతూ ఒడ్డుకొచ్చి నిలబడింది. మేమంతా పాట పాడుతున్నాం, చప్పట్లు కొడుతున్నాం, ఆ పిల్ల మాత్రం అలాగే నిలబడి ఉంది. అప్పుడు తట్టింది మాకు, దుప్పటి పట్టుకుని నిలబడే మనిషి లేదని. పాట దానంతటదే ఆగిపోయింది. నేను పరిగెత్తుకెళ్లి నా చున్నీ కప్పాను. అదేమో జానెడు గుడ్డ, ఎక్కడికీ చాలలేదు. ఆ పిల్ల వణుకుతూనే నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పోయిన వానాకాలంలో మామ్మని సమాధి చేసి వచ్చిన రోజు కూడా ఆవిడ లేదని నాకు ఇంత గట్టిగా తెలియలేదు.

ఆవిడ పేరు సంఘం రిజిస్టరులో ఉంది. నాకు తెలుసు కానీ రాయను. రాస్తే ఎవరో వేరే మనిషి గురించి రాసినట్టు ఉంటుంది. పిల్లలకీ పెద్దలకీ పాస్టరుగారికీ కూడా ఆవిడ మామ్మే. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని టెక్కలి దాకా వెళ్లి అమ్ముకొచ్చేది. పొట్టి మనిషి. గొంతు మాత్రం సముద్రపు హోరులో కూడా వినపడేది. కాస్త మెల్లగా మాట్లాడు మామ్మా అంటే, మెల్లగానే మాట్లాడుతున్నానని అంతే గట్టిగా చెప్పేది.

బాప్తిస్మాల రోజున ఆవిడకి ఒకటే పని. ఎర్రంచు నేత దుప్పట్లు నాలుగైదు తెచ్చి, బోర్లించిన పడవ మీద ఎండకి పరిచేది. పాస్టరుగారు నడుం లోతు నీళ్లలో ఒక్కొక్కరినీ వెనక్కి వంచి ముంచి లేపుతుంటే, ఆవిడ ఒడ్డున దుప్పటి చాపి నిలబడేది. వచ్చిన మనిషిని అందులో చుట్టేసి, భుజాలు రెండూ గట్టిగా రుద్ది, చెవిలో ఏదో చెప్పి పంపేది. సముద్రపు గాలికి వణికిపోతున్న ఒంటికి ఎండలో కాగిన దుప్పటి ఎంత సుఖమో మునిగి లేచినవాళ్లకే తెలుస్తుంది. ఇలా వెచ్చబెట్టే ఉపాయం తనదేనని, లోకంలో ఇంకెవరికీ తట్టలేదని మామ్మ నమ్మకం. ఆ గర్వం దాచుకునేది కూడా కాదు.

మనుషుల పేర్లు ఆవిడకి గుర్తుండేవి కావు. ఎవరు నీళ్లలోంచి ఎలా లేచారో అదే గుర్తు. కిరాణా కొట్టాయన 'నీలు మింగినోడు'. అంగన్‌వాడీలో పనిచేసే ఆవిడ 'నవ్వుతా లేసింది'. సంఘపెద్దల్లో అందరికంటే గంభీరంగా ఉండే ఆయన 'అమ్మా అని అరిసినోడు'. ఆయన మీసాలు తెల్లబడ్డాయి, కొడుకులకి పెళ్లిళ్లయ్యాయి, మామ్మ నోట ఆ పేరు మాత్రం మారలేదు. పాపం, ఆవిడ ఎదురొస్తుంటే ఆయన పక్క సందులోకి తిరిగిపోవడం నేను రెండుసార్లు చూశాను.

ఇంకో సంగతి చెప్పకపోతే మామ్మ మామ్మలా ఉండదు. ఎవరైనా ప్రార్థన చేస్తుంటే, ఇక చాలనిపించిన చోట ఆవిడ "ఆమేన్" అనేసేది. పాస్టరుగారు ఇంకా దేశాన్ని ఏలేవాళ్ల కోసం ప్రార్థిస్తూనే ఉండేవారు, సంఘంలో సగం మంది కళ్లు తెరిచేసేవారు. ఆయన తల ఎత్తి చూసి, నవ్వాపుకుని, మిగతాది రెండు ముక్కల్లో ముగించేవారు.

నేను ఈ సంఘంలోకి వచ్చింది ఇరవయ్యారేళ్లప్పుడు, ఉద్యోగం వచ్చిన కొత్తలో. ఇక్కడి హైస్కూల్లో సోషల్ టీచరుగా వేశారు. మాది బొబ్బిలి దగ్గర పల్లె. పుట్టింది బాప్టిస్టు ఇంట్లో, మా అమ్మవాళ్ల నాన్న బాప్టిస్టు పాస్టరు. ఇక్కడున్నదీ బాప్టిస్టు సంఘమే. అయితే ఆ బాప్టిస్టులు వేరు, ఈ బాప్టిస్టులు వేరు. ఎప్పుడో విడిపోయారట, ఎందుకో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా తెలియదు. మా దగ్గర బెంచీలు, హార్మోనియం, నెమ్మదిగా సాగే పాటలు. ఇక్కడ చాపలు, డప్పు, పాట మొదలైతే ఆగని చప్పట్లు. మొదటి ఆదివారమే నాకు తెగ నచ్చేసింది. మా ఊళ్లో అలా చప్పట్లు కొడితే మా తాతయ్య కళ్లజోడు మీంచి చూసేవారు.

ఆ సంతోషం ఎంతసేపో ఉండలేదు. అది నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఇచ్చే రోజు, అంటే యేసు జ్ఞాపకంగా అందరూ రొట్టె ముక్క పంచుకునే రోజు. రొట్టె పళ్లెం చాపల మీద చేతులు మారుతూ వచ్చింది. నేను చెయ్యి చాపేలోపు, పక్కనున్న ముసలావిడ పళ్లెం అందుకుని, నా మీంచి దాటించి అవతలామెకి ఇచ్చేసింది. ఆవిడే మామ్మ. నీకు కాదమ్మా, నువ్వు మా సంద్రంలో మునగలేదు కదా అంది, చివరి వరసదాకా వినపడేలా.

పాస్టరుగారు కుర్రాయన, మంచాయన. ఆరాధన అయ్యాక పిలిచి చెప్పారు. వేరే సంఘం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ మళ్లీ మునిగితేనే రొట్టె ఇవ్వాలని ఎప్పటినుంచో కట్టుబాటట. పెద్ద పనేం కాదు టీచరుగారూ, పది నిమిషాలు అన్నారు. నాకు ముక్కు మీదే కోపం. నన్ను ముంచింది మా తాతయ్య. ఆ మరుసటేడే పోయారు. ఇప్పుడు మళ్లీ మునిగితే, ఆయన చేసింది వట్టి స్నానమని నా అంతట నేనే ఒప్పుకున్నట్టు. ససేమిరా మునగనన్నాను. అలాగని రావడమూ మానలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం మామ్మ పక్కనే కూర్చునేదాన్ని, పళ్లెం నా మీంచి దాటిపోయేది. వేలి గోరంత ముక్క అది, కడుపు నిండేదా ఏమన్నానా? అయినా గదికి వచ్చి తలుపేసుకుని ఏడ్చేదాన్ని. వీళ్లంతా ఒక ఇల్లు, నేనొక్కదాన్నీ వీధిలో ఉన్నట్టు ఉండేది.

నాలుగు నెలలు గడిచాక ఒక సాయంత్రం మామ్మ మా గదికి వచ్చింది. చేతిలో ఎండుచేపల పొట్లం. కూర్చోమంటే గుమ్మంలోనే చతికిలబడింది. వచ్చిన పని సూటిగా చెప్పింది. నన్ను గుర్తుపెట్టుకోవడానికి ఆవిడకి ఏమీ లేదట, అందరూ నన్ను టీచరమ్మ అంటున్నారు కానీ ఆ పేరు నిలవడం లేదట.

"నీలల్లోంచి ఎలగ లేసేవు? అది సెప్పు ముందు."

నాకు గుర్తున్నంత చెప్పాను. పధ్నాలుగేళ్లు అప్పుడు. వేసవికాలం. వేగావతిలో నీళ్లు లేక ఇసకలో పెద్ద గొయ్యి తవ్వారు, ఊట నీళ్లు నడుం దాకా వచ్చాయి. తాతయ్య చెయ్యి నా ముక్కు మీద పడింది. ఆ తర్వాత గాభరా, దగ్గు, ముక్కులోకి నీళ్లు, ఇంకేమీ గుర్తులేదు. ఒడ్డుకి రాగానే ఎవరో దుప్పటి చుట్టారు, అది మాత్రం బాగా గుర్తుంది, వెచ్చగా ఉందని.

మామ్మ మొహం మారిపోయింది.

"యెచ్చగా ఉన్నాదా? ఎవలు యెచ్చబెట్టేరు?"

మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఉందని, బాప్తిస్మాలకి దుప్పట్లు ఆవిడే తెస్తుందని, ఇప్పటికీ ఉందని చెప్పాను. మామ్మ పొట్లం నా చేతిలో పెట్టింది. తర్వాత లేచి, చేపలు వేయించుకోమని చెప్పి వెళ్లిపోయింది.

ఆ నెల మొదటి ఆదివారం పళ్లెం వచ్చింది. మామ్మ అలవాటుగా నా మీంచి దాటించింది. కానీ తన ముక్క తీసుకోలేదు. పళ్లెం పట్టుకొచ్చిన ఆయన ఇంకోసారి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ చేతులు కొంగులో దాచేసుకుంది. బల్ల దగ్గరున్న పాస్టరుగారు ఏమైంది మామ్మా అని అడిగారు.

"ఈ పిల్ల రొట్టి ఇన్నాల్లూ నా సేత్తో ఆపేను అయ్యగారూ. ఆపింది తప్పైతేనో? దీని ఊరెల్లి కనుక్కుని వచ్చీదాకా నాను ముట్టను."

సంఘం మొత్తం బిక్కచచ్చిపోయింది. ఆ సముద్రంలో అందరికంటే ముందు మునిగింది ఆవిడ. ఆవిడ తినని రొట్టె మిగతావాళ్లకి గొంతు దిగలేదని తర్వాత చాలామంది చెప్పారు. నేను ఆవిడ కాళ్లావేళ్లా పడ్డాను, నా కోసం ఇలాంటి పని చెయ్యొద్దని. నీ కోసమని ఎవరన్నారు, నా కోసమే అని కసిరింది. అలా అయిదు నెలలు ఆవిడ నా పక్కన ఖాళీ చేతులతో కూర్చుంది. నేను ఏడవడం మానేశాను. ఒకరు తోడుంటే వీధి వీధిలా ఉండదు, నిజంగా.

బడికి వేసవి సెలవులివ్వగానే ఇద్దరం మా ఊరికి బయల్దేరాం. మామ్మ ఉతికిన చీర కట్టుకుని, బుట్టలో ఎండుచేపలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సంతా వాసన, కండక్టరు మొహం చూడాలి. వంతెన వచ్చినప్పుడల్లా ఇదేం నీళ్లు, ఎక్కడికి పోతాయి అని అడిగేది. సోషల్ టీచర్ని కదా, ఊరుకుంటానా? వంశధార చెప్పాను, నాగావళి చెప్పాను, బొబ్బిలి దగ్గరికొచ్చాక మా వేగావతి చూపించి అది పోయి నాగావళిలో ఎలా కలుస్తుందో, నాగావళి శ్రీకాకుళం దాటి సముద్రంలో ఎలా పడుతుందో పాఠం మొత్తం చెప్పాను. ఆవిడ ఊ కొట్టింది. వేగావతిలో ఇసక తప్ప ఏమీ లేకపోవడం చూసి మాత్రం నా వైపు అనుమానంగా తిరిగి, ఇందులో కోడిపిల్ల కూడా మునగదు అంది. నా ప్రాణం గిలగిల్లాడింది.

పెద్దమ్మ సన్నగా ఉంటుంది, మాట తక్కువ. కూలి నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నేను మామ్మని చూపించి సంగతి చెప్పేలోపు, మామ్మే ముందుకెళ్లి దుప్పటి ఎలా వెచ్చబెడతావని అడిగేసింది. ఎండకి కాగిన ఇసక మీద పరుస్తానంది పెద్దమ్మ. ఇసక అంటుకోదా అంది మామ్మ. దులుపుతానంది పెద్దమ్మ. తడి ఒంటికి ఇసక అంటితే గరగర్లాడదా, పడవ మీద పరిస్తే ఆ బాధ లేదు కదా అంది మామ్మ. మా ఏటికి పడవ ఎక్కడినుంచి తేను అంది పెద్దమ్మ. ఇద్దరూ పది నిమిషాలు ఇదే పేచీ. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఇంత దూరం నా మునకకి సాక్ష్యం కోసం వచ్చామన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. చివరికి మామ్మకే గుర్తొచ్చింది.

"ఈ పిల్ల నిండా మునిగిందా? సరిగ్గా సెప్పు. గొయ్యిలో నీలేటి, మునగడమేటి?"

పెద్దమ్మ నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"మునిగిందేటి, రెండుసార్లు మునిగింది. మొదటిసారికి జడ పైకి తేలిపోయింది. అయ్యగారు సూసి, జడ మునగనేదని, మల్లీ ముంచేరు. ఈ పిల్ల దగ్గులో ఉన్నాది, దీనికేటి తెలుసు?"

నాకు నిజంగానే తెలియదు. గాభరాలో అంతా ఒకటే మునకనుకున్నాను. మా తాతయ్య అలాంటి మనిషే, సంతకం చేస్తే చుక్క కూడా వదలరు. మామ్మ నేలమీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత పెద్దమ్మ చేతులు పట్టుకుని ప్రార్థన అందుకుంది. సముద్రం, చేపలు, సంఘం, నా జడ అన్నీ వచ్చాయి. ఇంకా ఏవో రాబోతుంటే పెద్దమ్మ మధ్యలో "ఆమేన్" అనేసింది. మామ్మ కళ్లు తెరిచి ఆవిడని చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. ఇన్నేళ్లకి ఆవిడకి సమానమైన మనిషి దొరికింది.

తిరుగు బస్సులో నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. కట్టుబాటు రెండోసారి మునగమంటోంది, ఆ రెండోసారీ మా తాతయ్య చేత్తోనే అయిపోయింది, ఇంకేం కావాలి? ఆదివారం లేచి ఇది చెప్పెయ్ మామ్మా, పని అయిపోతుంది అన్నాను. ఆవిడ చెప్పనంది. ఎందుకని నిలదీశాను. కోపం కూడా వచ్చింది నాకు, తొమ్మిది నెలలుగా పడ్డ బాధ ఒక్క మాటతో తీరిపోతుంటే ఈవిడకేం వచ్చింది అని.

"సెప్తే నిన్నొక్కదాన్నే తీసుకుంతారు. రేపు ఒక్కసారే మునిగినోలు వస్తే? నాను మల్లీ పల్లెం దాటించాల గదా. నా వల్ల కాదు."

శ్రీకాకుళం వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను. నాకు నా రొట్టె ముక్కే కనిపిస్తోంది, ఆవిడకి ఇంకా రాని మనుషులు కూడా కనిపిస్తున్నారు. సిగ్గేసింది, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మా బాప్టిస్టుల్లో ఒక మంచి పద్ధతి ఉంది. ఆ సంఘమైనా ఈ సంఘమైనా ఇది ఒక్కటే. ఏ మాటైనా పాస్టరుగారొక్కరే తేల్చరు, సంఘం మొత్తం కూర్చుని చేతులెత్తి తేలుస్తుంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టారు. మామ్మ లేచింది. తను చూసొచ్చిన పెద్దమ్మ గురించి చెప్పింది, ఇసక మీద దుప్పటి గురించి చెప్పింది, అక్కడా తడిసొచ్చిన పిల్లని ఒక మనిషి దుప్పటిలో వెచ్చగా చుడుతోందని చెప్పింది. అప్పుడా గంభీరమైన పెద్దాయన లేచి, అదంతా సరే, మన కట్టుబాటు మన సముద్రంలో మునగమంది కదా అన్నాడు. నిజానికి ఆయన అన్నది తప్పేం కాదు, ఉన్నమాటే.

"మన సంద్రమని నానూ అన్నాను బాబూ, పల్లెం దాటించింది నానే. బస్సులో సూసుకుంతా వచ్చేను. ఈ పిల్ల మునిగిన నీలు వేగావతిలోంచి నాగావళిలోకొచ్చేయి, నాగావళిలోంచి సంద్రానికొచ్చేయి. పన్నెండేల్లయింది. ఆ నీలు ఈపాటికి మన ఒడ్డుకి రానేదంతావా? ఆ నీలల్లోనే గదా మన పిల్లలందర్నీ ముంచుతన్నాం."

ఆ పాఠం చెప్పింది నేనే, నాకు మాత్రం ఈ ముక్క తట్టలేదు. పాస్టరుగారు నిలబడి, ఒకసారి నీళ్లలో మునిగి సాక్ష్యమిచ్చినవాళ్లు ఏ సంఘం నుంచి వచ్చినా మన బల్ల దగ్గర కూర్చోవచ్చని ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నారు. ఆడవాళ్ల వరసల్లో ముందు లేచాయి. మగవాళ్లవైపు ఒకటి, రెండు, ఆపైన ఒక్కసారే గుప్పున లేచాయి. పెద్దాయన చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది. మామ్మ ఆయన వైపు తిరిగింది, ఈసారి నిజంగానే మెల్లగా మాట్లాడింది. నువ్వు అమ్మా అని అరిస్తే నేను దుప్పటి కప్పాను, ఏ ఊరి నీళ్లకి అరిచావని అడిగానా అంది. ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత నవ్వొచ్చేసింది, చెయ్యి లేచింది. డప్పు ఎవరు అందుకున్నారో తెలియదు, పాట మొదలైంది. నేను చప్పట్లు కొడుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

తర్వాతి నెల మొదటి ఆదివారం నేను అందరికంటే ముందు వెళ్లి చాప మీద కూర్చున్నాను. మామ్మ వచ్చి పక్కన కూర్చుంది. పాస్టరుగారు రొట్టె విరిచారు. పళ్లెం వరసలు దాటుకుంటూ వచ్చింది. మామ్మ రెండు చేతులతో అందుకుని, నా మీంచి దాటించకుండా నా ముందు పెట్టింది. నేను తీసుకోవాలి. తొమ్మిది నెలలు దీనికోసమే ఎదురుచూసిన దాన్ని, తీరా వచ్చాక చెయ్యి లేవలేదు. కళ్లనీళ్లలో పళ్లెం అలుక్కుపోయింది. తాతయ్య గుర్తొచ్చారు. వరసంతా ఆగి నా కోసం చూస్తోంది.

మామ్మ మోచేత్తో పొడిచింది.

"బేగి తీసుకోయే. అయిదు నెల్లయింది, నాకు ఆకలేస్తన్నాది."